నలుగురిలో మెలగుట: పసిబిడ్డల తొలిచదువు



మా వారు ఉపాధ్యాయులగుటచే, ఏటేట జూన్ నెలలో బడులు తెఱచు దినములలో మా వీధియరుగు తల్లులతో నిండియుండును. పిల్లవానికి అక్షరములు వచ్చునా రావా యని విచారించువారు పూర్వమెక్కువ. ఈ మధ్య కొన్ని యేండ్లుగా వేఱొక మొఱ వినవచ్చుచున్నది. "మా వాడు వంద వరకు అంకెలు చెబుతాడండీ, కాని పక్క పిల్లవాడి దగ్గర కూర్చోడు. బొమ్మ ముట్టుకుంటే కొరుకుతాడు" అని యొకరు. "మా పిల్ల ఇంట్లో గలగలా మాట్లాడుతుంది, గడప దాటితే నోరు విప్పదు" అని మఱియొకరు. ఆ తల్లుల కంఠములలో బిడ్డనుగూర్చిన దిగులుతోపాటు మఱొక భయముకూడ నాకు వినబడుచుండును. అత్తవారును, ఆడుబిడ్డలును, ఇరుగుపొరుగువారును దీనిని తల్లి పెంపకములోని లోపముగా నెంచుదురేమో యను భయమది. అంకెలు రాకున్న బడిని నిందింతురు. కలివిడి లేకున్న తల్లిని నిందింతురు. ఈ నింద యెంతవఱకు న్యాయము, బిడ్డ నలుగురిలో మెలగుట యెట్లు నేర్చును అను విషయములను గూర్చి నేను చదివినదియు, మా వీధిపిల్లలయందు చూచినదియు నిచ్చట వ్రాయుచున్నాను.

ఈ నేర్పు బడిలో మొదలగునది కాదు. నడక రాకముందే, మాట రాకముందే, ఉయ్యాలలోనే దానికి ఓనమాలు పడును. పుట్టిన ఆఱు వారములకును రెండు మాసములకును నడుమ బిడ్డ తల్లిముఖము చూచి నవ్వుట మొదలుపెట్టును. అంతకుముందు నిద్దురలో పెదవులపై మెఱయు నవ్వు వేఱు. ఇది యెదుటి ముఖమునకు బదులిచ్చు నవ్వు. తల్లి "ఊ" అనును, ఆగును. బిడ్డ "ఊ" అనును, ఆగును. ఒకరు పలుకునపుడు వేఱొకరు వినుట, తరువాత తమ వంతు నందుకొనుట, సంభాషణ యనగా నింతియే గదా! సభలలో నెదుటివారిని నోరెత్తనీయక తామే గంటసేపు మాటలాడు పెద్దమనుష్యులను చూచినపుడు, వీరికి ఉయ్యాలలో నీ పాఠము తప్పిపోయెనా యని నాకు సందేహము కలుగుచుండును.

మన యిండ్లలోని దోబూచులాట యీ పాఠమునకు రెండవ వాచకము. అమ్మమ్మ చీరకొంగు ముఖముపై వేసికొని తీయును. బిడ్డ కిలకిల నవ్వును. కనబడనిది లేకపోలేదనియు, పోయిన ముఖము మరల వచ్చుననియు ఆ యాట నేర్పును. ఇంచుమించు ఎనిమిదవ మాసమున బిడ్డ క్రొత్తముఖమును చూచి బెదరి తల్లిభుజమున ముఖము దాచుకొనును. అది చూచి "మీ వాడికి మనుషుల అలవాటు లేదు" అని చుట్టములు నొచ్చుకొందురు. కాని తనవారెవరో పరులెవరో బిడ్డకు తెలిసినదనుటకు అది గుర్తు. సంవత్సరము నిండువేళకు బిడ్డ చందమామవైపు వ్రేలు చూపి, వెంటనే తల్లికన్నులలోనికి చూచును. చందమామ కావలెనని కాదు, తాను చూచినదానిని అమ్మయు చూడవలెనని. ఇరువురు కలిసి యొకదానిని చూచుట యను నీ చిన్నపనియందే స్నేహమంతయు నిమిడియున్నదని నాకు తోచును.

1978లో ఎడ్వర్డ్ ట్రోనిక్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు సహచరులతో కూడి యొక పరిశోధనను ప్రకటించెను. తల్లి తన పసిబిడ్డ యెదుట కూర్చుండి కొంతసేపు మామూలుగా నాడించును. పిదప రెండు మూడు నిమిషములు నవ్వక, పలుకక, బొమ్మవలె ముఖము కదలించక చూచుచుండును. బిడ్డ మొదట నవ్వి పిలుచును, చేతులు చాచును, కేక వేయును. ఏ యుపాయమును ఫలింపనపుడు ముఖము త్రిప్పుకొని వాడిపోవును. దీనిని చదివినపుడు నాకు ప్రయోగశాల జ్ఞప్తికి రాలేదు. ఒకచేత బిడ్డను, వేఱొకచేత సెల్‌ఫోనును పట్టుకొని, ఆ వెలుగువంక చూచుచు కదలక కూర్చున్న మన యిండ్లలోని ముఖములు జ్ఞప్తికి వచ్చినవి. తల్లులను మాత్రమే యనుట లేదు. తండ్రుల ముఖములును, తాతల ముఖములును అందున్నవి.

అయినను ఒకమాట. ఇంటిపనియందు మునిగి బిడ్డ పిలుపునకు బదులీయని ప్రతి నిమిషమును పాపముగా లెక్కించుకొనవలసిన పని లేదు. అన్యోన్యముగా నున్న తల్లిబిడ్డలయందును ఒకరి భావమునకు వేఱొకరి భావము సరిగా కుదురుట నూటికి 30 పాళ్ళు మాత్రమేయని అదే ట్రోనిక్ తరువాతి పరిశీలనలలో చెప్పెను. తక్కిన కాలమంతయు తప్పుట, మరల కలిసికొనుట. బిడ్డ యాకలికి ఏడ్చుచున్నాడని పాలు పట్టితిమి, కాదు, నిద్ర కేడ్చుచున్నాడు, జోకొట్టితిమి, ఊరకుండెను. ఇట్లు తెగిన పోగును మరల ముడివేయుట యందే బిడ్డ నేర్చునది యెక్కువ. ఎడబాటు శాశ్వతము కాదని, అలుక తీరునని వానికి తెలియును.

"ఏడ్చినప్పుడల్లా ఎత్తకు, చేతి అలవాటవుతుంది" అను హితవు వినని బాలింత మన దేశమున నుండదు. ఈ విషయమున మేరీ ఐన్స్‌వర్త్ అను విదుషి చేసిన కృషి తెలిసికొనదగినది. ఆమె 1954లో ఆఫ్రికాలోని ఉగాండాకు పోయి, అచ్చటి పల్లెలలో 26 కుటుంబముల యిండ్లకు మాటిమాటికి వెళ్ళి, తల్లులు బిడ్డలను పెంచు తీరును కనిపెట్టి చూచెను. ఆ బిడ్డలు తల్లియొడి నుండి దిగి దోగాడుచు పోయి, కొంతదూరమున నాగి వెనుదిరిగి చూచి, తల్లి యున్నదని తెలిసికొని మరల ముందుకు పోవుచుండిరి. ఆలమందనుండి దూడ యెంతదూరము పోవునో మనమెఱుగుదుము గదా, అట్లే. పిదప అమెరికాలోని బాల్టిమోర్ నగరమునను ఆమె యిట్టి పరిశీలనయే చేసెను. తొలిమాసములలో ఏడ్పునకు వెంటనే పలికిన తల్లుల బిడ్డలు సంవత్సరాంతమునకు తక్కువగా నేడ్చుచుండిరని ఆమెయు నామె శిష్యురాలును 1972లో వ్రాసిరి. ఆదరణచేత బిడ్డకు వచ్చునది ధైర్యము. ఆ ధైర్యముతోనే వాడు పరుల బిడ్డలవైపు నడచును.

ఆ యాదరణ తల్లియొక్కతెయే చూపవలెనని యెచ్చటను లేదు. నాయనమ్మ, పెద్దమ్మ, పిన్ని, మేనమామ, వీరిలో ప్రతిదినమును కనబడి ప్రేమతో పలుకు నెవ్వరైనను బిడ్డకు ఆధారమే. ఉద్యోగమునకు పోవు తల్లులు దీనిని గట్టిగా జ్ఞప్తియందుంచుకొనవలెను. తండ్రులును బిడ్డకు స్నానము చేయించుట, అన్నము తినిపించుట నేర్చినచో వారి గౌరవమునకు లోటు రాదు.

పదునెనిమిది మాసముల బిడ్డ యంతటి పరోపకారి వేఱొకడు లేడన్న మీరు నవ్వుదురు. 2006లో వార్నెకెన్, తొమసెల్లో అను నిరువురు శాస్త్రజ్ఞులు ఈ వయస్సు పిల్లలయెదుట బట్టలారవేయుచు, దండెమునకు పెట్టు క్లిప్పు చేజారి క్రిందపడినట్లు నటించిరి. అందుకొనలేక చేయిచాచిన వెంటనే పిల్లలు చాలమంది తామై పోయి దానిని తీసి యిచ్చిరి. ఎవ్వరును అడుగలేదు, మెచ్చికోలు లేదు. 2008లో వారే మఱొక విశేషము కనుగొనిరి. సాయము చేసినందుకు బొమ్మ బహుమానముగా పొందిన పిల్లలు, తరువాత బహుమానము లేనపుడు అంతకుముందు వలె సాయము చేయరైరి. మనము "చెల్లికి గ్లాసు అందించు, బిస్కెట్టు ఇస్తాను" అనునపుడు, ఉచితముగా దొరకుచున్న సుగుణమును కొనుగోలు సరకుగా మార్చుచున్నామన్నమాట. చపాతీపిండి ముద్ద యొకటి చేతికిచ్చి ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. వంట ఆలస్యమగును, నేలపై పిండి పడును, అది నిజమే.

రెండేండ్లు వచ్చుసరికి ఈ పరోపకారియే "నాది! నాది!" యని యింటికప్పు ఎగురగొట్టును. ఇచ్చట నాకు శాకుంతలమున సప్తమాంకము తలపునకు వచ్చును. భరతుడు సింహపుపిల్లను పట్టుకొని పండ్లు లెక్కింపబోవుచుండును. తాపసి బెదరించినను విడువడు. అప్పుడామె యతని చెంపపై కొట్టలేదు, వేఱొక యాటవస్తువిత్తుననెను, రంగులద్దిన మట్టినెమలిని తెప్పించెను. బాలుడు తక్కువవాడా? అది వచ్చువఱకు దీనితోనే యాడుకొందునని నవ్వెను! కాళిదాసు ఇంట పిల్లలుండిరో లేరో తెలియదుగాని, ఈ వయసు పిల్లవానిని యింతకంటె చక్కగా చూచినవారు లేరు. తాపసి చేసినదే నేటికిని ఉత్తమమైన యుపాయము. పట్టుదల పట్టిన బిడ్డ చేతిలోని వస్తువును పెఱుకుటకు మారుగా రెండవ చేతికి వేఱొకటి యందించుట.

పొరుగుబిడ్డ వచ్చినపుడు మన బిడ్డ బొమ్మనీయకపోయిన సిగ్గుతో క్రుంగిపోదుము. మిల్‌డ్రెడ్ పార్టెన్ అను అమెరికా విదుషి 1932లో పిల్లల యాటలనుగూర్చి ప్రకటించిన పరిశీలన మనకు ఊరట కలిగించును. రెండేండ్ల పిల్లలు ప్రక్కప్రక్కన కూర్చుండి యెవరి యాట వారాడుకొందురు. ఒకరి నొకరు చూచుకొందురు, అనుకరింతురు, కాని కలియరు. ఒకరు ఇసుకతో గుడికట్టుచుండగా వేఱొకరును గుడి కట్టుదురు. ఇది వారి స్నేహము. పంచుకొని, పనులు విభజించుకొని, కట్టుబాటు లేర్పఱచుకొని యాడుట నాలుగైదేండ్లకు వికసించును. పిందెను పండుమని గద్దించిన నేమి లాభము? చేతిలోనిది బలవంతముగా లాగి యిప్పించుటవలన బలవంతుడు లాగుకొనవచ్చునను పాఠమే వానికి మిగులును. "తమ్ముడు ఆడుకోవడం అయ్యాక నీ వంతు" అని చెప్పి, ఆ వంతు వచ్చువఱకు మనము దగ్గరనుండి, మాట నిలుపుకొనుట మేలు. వంతు నిజముగా వచ్చునని రెండు మూడు మాఱులు చూచిన బిడ్డకు ఓపిక దానంతటదే వచ్చును.

మూడేండ్లు దాటినపిదప బొమ్మల పెండ్లిండ్లును, గుజ్జెనగూళ్ళును మొదలగును. ఒకతె పెండ్లికూతురి తల్లి, ఒకతె వియ్యపురాలు. వియ్యపురాలు అలుగును, తల్లి బ్రతిమాలును. ఆకులే విస్తళ్ళు, ఇసుకయే పులిహోర. తాను కాని మనిషియై పలుకుటయనగా నెదుటివారి మనస్సులోనికి పోయివచ్చుటయే. దీనికి సంబంధించిన పరీక్ష యొకటి మీరింట చేసి చూడవచ్చును. 1983లో విమ్మెర్, పెర్నెర్ అనువారు చాక్లెట్టుతో చేసినదానిని నేను సున్నుండతో చెప్పుచున్నాను. అన్న సున్నుండను డబ్బాలో పెట్టి యాడుకొనుటకు పోయెను. అమ్మ దానిని తీసి అలమరలో పెట్టెను. అన్న తిరిగివచ్చి యెచ్చట వెదకును? మూడేండ్ల బిడ్డ సాధారణముగా "అలమరలో" అనును. తనకు తెలిసినది లోకమున కంతటికి తెలియునని వాని నమ్మకము. నాలుగైదేండ్ల బిడ్డ "డబ్బాలో" అనును. అన్నకు తెలియదని వానికి తెలిసినది. ఈ గడపను దాటకముందు "వాడి మనసు నొచ్చుకోదూ?" యని యెంత ఉపన్యసించినను ఆ మాట వానికి సగమే చెవికెక్కును.

అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు గల పిల్లలు ఈ పరీక్షలో త్వరగా నెగ్గుచున్నారని 1994లో పెర్నెరును ఆయన సహచరులును వ్రాసిరి. తోబుట్టువుల కలహము చూచి తలపట్టుకొను తల్లులు దీనిని చదివి కొంత నిమ్మళింపవచ్చును. కలహమున బిడ్డ యెదుటివాని కోరిక నెఱుగును, వాదమల్లును, ఏ మాటకు అక్క నవ్వునో యే మాటకు మండిపడునో కనిపెట్టును. గోళ్ళతో రక్కుకొనువఱకు రానిచ్చుట తగదుగాని, ప్రతి తగవునకు న్యాయాధిపతిగా పరుగెత్తనక్కఱలేదు.

అయితే ఆ న్యాయస్థానమున మనమిచ్చు తీర్పులను గూర్చి ఒక కఠినమైన మాట చెప్పక తప్పదు. "నువ్వు ఆడపిల్లవి, ఇచ్చెయ్యి. వాడు మగపిల్లవాడు, మొండి" అను తీర్పు నే నెన్ని యిండ్లలో వింటినో! అక్కకు ఐదేండ్లు, తమ్మునికి మూడేండ్లు, అక్క గీసిన ముగ్గు తమ్ముడు చెఱిపెను, అక్కయే యూరకుండవలెను. తమ్మునికి ఆఱేండ్లు వచ్చును, అక్కకు ఎనిమిది, తీర్పు మాఱదు. ఆ పిల్ల నేర్చినది మంచితనమా? తన కోరికను పలుకకుండ మ్రింగుట నేర్చినది. ఆ పిల్లవాడు నేర్చినదేమి? ఎదుటివారికి కోరిక యొకటి యుండునని యెఱుగకపోవుట. నలుగురిలో మెలగు విద్యలో ఇరువురును తప్పినట్లే, కాని యొకతెను "బుద్ధిమంతురాలు" అని మెచ్చుకొందుము. ఆ చెఱిపిన ముగ్గును తమ్మునిచేతనే మరల పిండి తెప్పించి, అక్క చెప్పినచోట చుక్కలు పెట్టించిన నాయనమ్మ నొకరిని నేనెఱుగుదును. పిల్లవాడు పెట్టిన చుక్కలు వంకరగా నున్నవి. అక్క వానిని సరిదిద్దుచు ఆ పూటంతయు వాని కుపాధ్యాయినియై కూర్చుండెను.

చుట్టములు వచ్చినపుడు బిడ్డను ముందునకు త్రోసి "నమస్కారం పెట్టు, పద్యం చెప్పు" అని నిర్బంధించుటయు నాకు సమ్మతము కాదు. ముందు మనము నమస్కరింతము. బిడ్డ కొంగుచాటు నుండి చూచును. పదిమాఱులు చూచినపిదప పదునొకండవ మాఱు తానే చేతులు జోడించును. బూచివాడు వచ్చుననియు, సూదివేయు డాక్టరు పట్టుకొనిపోవుననియు బెదరించుటవలన పరాయిమనిషి యనిన భయమే పెరుగును. ఇక అన్నము ముద్దముద్దకు ఫోనులో బొమ్మలు చూపుట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రెండేండ్లలోపు బిడ్డలకు తెరచూపు వలదనియు, రెండు మొదలు నాలుగేండ్లవఱకు దినమునకు ఒక గంటకు మించరాదనియు సూచించెను. భోజనపు వేళ మన యిండ్లలో బిడ్డ నలుగురి ముఖములను చూచు ముఖ్యమైన వేళ. దానిని తెర కప్పగించుట నష్టము.

ఇంత చేసినను కొందఱు బిడ్డలు కలియరు. పండ్రెండు మాసములు నిండినను పేరు పిలిచిన తిరిగి చూడకపోయినను, పదునెనిమిది మాసములకును వ్రేలు చూపి వస్తువులను చూపకపోయినను, వచ్చిన మాటలు పోయినను, పెంపకమును తర్కించుచు కాలము గడపక వైద్యునకు చూపవలెను. వినికిడి లోపము కావచ్చును, ఆటిజము కావచ్చును, ఏమియు కాకపోవచ్చును. ఒకకాలమున పాశ్చాత్యదేశములలో ఆటిజమునకు తల్లి మనస్సులోని చల్లదనమే కారణమని పెద్ద పెద్ద పండితులు వ్రాసిరి. 1967లో బ్రూనో బెటల్‌హైమ్ వ్రాసిన గ్రంథము ఆ నిందను ఇంటింటికి చేర్చెను. అది యబద్ధమని తరువాత తేలినది. ఈలోపల నెందఱు తల్లులు తమ్ము తాము దూషించుకొనిరో! మన దేశమున 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద ఇట్టి బిడ్డలను పరీక్షించుటకు జిల్లాలయందు ప్రభుత్వ కేంద్రము లేర్పడినవి. అంగన్‌వాడీ కార్యకర్తనో ఆశా కార్యకర్తనో యడిగిన దారి తెలుపుదురు. త్వరగా పోయిన లాభమెక్కువ.

వ్యాధి యేమియు లేక, కేవలము బిడియముచేత ముడుచుకొను పిల్లలు వేఱు. వారికి పనికివచ్చు నుపాయ మొకటి కోతులనుండి తెలియవచ్చినది. హ్యారీ హార్లో అను శాస్త్రజ్ఞుడు కోతిపిల్లలను తల్లినుండియు తోడివారినుండియు వేఱుచేసి పెంచెను, క్రూరమైన పనియే. అవి యాడుట యెఱుగక మూలల ముడుచుకొని యూగుచుండెడివి. 1972లో ఆయనయు సువోమీ యను సహచరుడును, ఆఱుమాసములు ఒంటరిగా పెరిగిన యట్టివానికి మూడు నాలుగు మాసముల చిన్నకోతులను తోడిచ్చిరి. చిన్నవి పోట్లాడవు, బెదరింపవు, వచ్చి అంటిపెట్టుకొనును. కొన్ని నెలలలో పెద్దవి తేఱుకొని యాడసాగినవి. దీనిని చూచి 1979లో మఱికొందఱు, బాలబడులలో నెవరితోను కలియని పిల్లలకు ఏడాది యేడాదిన్నర చిన్నవారిని ఆటతోడుగా నిచ్చి చూచిరి. ఈడువారితో నాడినదానికంటె ఆ పిల్లలు చక్కగా తేఱుకొనిరి.

ఉమ్మడి కుటుంబములలో ఈ చిన్నతోడు వెదకకయే దొరకెడిది. ఇప్పుడు మూడు గదుల యింట నొక్క బిడ్డ. కాబట్టి మనము పూనుకొని కుదుర్చవలెను. 1975 అక్టోబరు 2వ తేదీన మొదలైన పథకమునుండి వచ్చిన అంగన్‌వాడీలలో మూడేండ్లవారును ఐదేండ్లవారును ఒక్క చాపపై కూర్చుందురు. 1939లో మద్రాసు అడయారునకు వచ్చి మన దేశపు ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చిన మారియా మాంటిస్సోరి పద్ధతియందును వయస్సులు కలిసియే యుండును. అట్టి బడి అందుబాటులో లేనివారు వీధిలో తమ బిడ్డకంటె చిన్నదియగు బిడ్డగల యిల్లాలితో మాటలాడి, వారమునకు రెండు మూడు సాయంకాలములు ఇరువురిని ఒక్కచోట విడువవచ్చును. ఇద్దఱే చాలును, గుంపు వలదు. అరగంట చాలును. మొదటి దినములలో ఒకరి నొకరు చూచుకొని యూరకున్నను మనము కల్పించుకొని ఆడించవలదు. దగ్గర కూర్చుండి కూర తరుగుకొనుచుండుడు. బొమ్మ లొకేరకమువి రెండేసి యుంచినచో తగవు తగ్గును: రెండు కొబ్బరిచిప్పలు, రెండు గరిటెలు, తడియిసుక. చింతపిక్కలు, గవ్వలు మాత్రము మూడేండ్లలోపు బిడ్డ యున్నచోట నుంచకుడు. నోటను ముక్కునను పెట్టుకొందురు.